మా అరుగు, ఆయన రోడ్డు

“మీ ఇల్లు బాగా దిగిపోయిందండి పిన్ని గారూ” అని మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ అంటారు. ఇల్లేదో తనంతట తానే నేలలోకి కూరుకుపోయినట్టు. ఇల్లు ఎక్కడికీ దిగలేదు. మా మామగారు వేయించిన పునాది మీద ఎక్కడిదక్కడే ఉంది. లేచింది రోడ్డు. వేసిన ప్రతిసారీ పాత రోడ్డు నెత్తిన కొత్త రోడ్డు పరుచుకుంటూ పోతే అది లేవక ఏం చేస్తుంది? లోకంలో సంసారాలు చెడితే రోడ్డున పడ్డారంటారు. మేం రోడ్డు కింద పడ్డాం.

నేను ఈ మాట అన్నప్పుడల్లా మా ఆయన నవ్వేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఎందుకంటే ఆ రోడ్డు వేయించిన వాళ్ళలో ఆయన ఒకరు.

నేను కాపురానికొచ్చిన కొత్తలో మా అరుగు మీద కూర్చుంటే కాళ్ళు గాల్లో వేలాడేవి. మెట్లు దిగి రోడ్డు మీదికి వెళ్ళేవాళ్ళం. వాన పడితే మా చూరు నీళ్ళు రోడ్డు మీద పడి, రోడ్డు దాటి అవతలి బోదె కాలువలోకి పోయేవి. దారిన పోయేవాళ్ళు తలెత్తి మాతో మాట్లాడేవారు. “ఏవమ్మా, అన్నం తిన్నారా” అని కింద నుంచి అడిగితే నేను పైనుంచి జవాబు చెప్పేదాన్ని. కొత్త కోడలికి అదో హోదాలా ఉండేది, నవ్వకండి.

మా ఆయన రోడ్ల డిపార్ట్‌మెంట్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరు. కాంట్రాక్టరు మనుషులు రోడ్డు వేస్తుంటే పక్కనే నిలబడి, కంకర సరిగ్గా పరిచారా, తారు సరిగ్గా కాగిందా, రోలరు సరిగ్గా తిరిగిందా అని చూసే ఉద్యోగం. చిన్న ఉద్యోగమే, కానీ ఆయన మనసులో అది చిన్నది కాదు. చొక్కాలన్నీ తారు మరకలే. కిరసనాయిలు పోసి రుద్దితే గానీ వదిలేవి కావు. పెళ్ళికి వెళ్ళినా, పట్టుచీర కట్టుకుని నేను పక్కన నిలబడినా, ఆయన దగ్గర నుంచి తారు వాసనే వచ్చేది. మొదట్లో తల తిప్పుకునేదాన్ని. తర్వాత ఆ వాసన రాని రోజు, ఈయన ఇవాళ పనికి వెళ్ళలేదా ఏంటి అనిపించేది.

బస్సెక్కితే ఇక నన్ను చుట్టుపక్కల ఏమీ చూడనిచ్చేవారు కాదు. పట్టిసీమ వెళ్ళినా అంతే, అన్నవరం వెళ్ళినా అంతే. దేవుడి గురించి మాటే లేదు. “ఇదిగో, ఇక్కడ చూడు, నీళ్ళు నిలబడిపోయాయి. ఈ రోడ్డు వచ్చే వానాకాలం చూడదు” అని ఎవరికో జబ్బు చేసినట్టు దిగులు పడేవారు. పైగా ఆయనకి ఒక మాట ఉండేది. రోడ్డుకి బండ్లు శత్రువులు కావు, నీళ్ళే శత్రువు అని.

మాది నీళ్ళ దేశం. ఒక పక్క కాలువ, ఒక పక్క వరిచేలు, కింద నల్లరేగడి. తవ్వితే నీళ్ళు, తవ్వకపోయినా నీళ్ళు. ఆ మట్టి ఎండాకాలం నెర్రెలిచ్చి నోరు తెరుస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది. దాని మీద రోడ్డు నిలబెట్టడం అంటే జున్ను మీద ఇటుక నిలబెట్టడం అనేవారు ఆయన. అందుకే ఇక్కడ రోడ్డు ఎంత ఎత్తుగా ఉంటే అంత మంచి రోడ్డని అందరి నమ్మకం.

ఒక ఏడు గోదావరి పొంగి, చేలన్నీ మునిగి, మా రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు పారాయి. అరటి గెలలు రావులపాలెం మార్కెట్‌కి వెళ్ళే దారి లేక చెట్ల మీదే ముగ్గిపోయాయి. నీళ్ళు తీసిన తర్వాత ఊరంతా ఆఫీసుకి వెళ్ళి, “ఎత్తు పెంచండి బాబూ” అని బతిమాలి వచ్చారు. రోడ్డు పక్క ఇళ్ళవాళ్ళే ముందుండి వెళ్ళారు. మట్టి పోసి, కంకర పోసి, ఎత్తు పెంచి రోడ్డు వేస్తుంటే, తమ గుమ్మాలు తమ కళ్ళ ముందే కిందికి పోతుంటే, ఆ గుమ్మాల వాళ్ళే రోలరుకి పసుపు రాసి కొబ్బరికాయలు కొట్టారు. మా గోదావరి వాళ్ళకి మాత్రమే తోచే తెలివి ఇది. మా ఇంటి తరఫున కాయ కొట్టింది మా ఆయన. ఆ చెక్కలతో పచ్చడి చేసింది నేను.

ఆ తర్వాత కూడా రోడ్డు పాడయినప్పుడల్లా పాతదాని మీదే కొత్త పొర వేశారు. పాతది తీసి వేయాలంటే మెషిన్ కావాలి, ఎక్కడి నుంచో తెప్పించాలి, ఎవరు పడతారు ఆ తంటా? మెట్లు ఒక్కొక్కటే రోడ్డులో కలిసిపోయాయి. ఆయన రిటైరయ్యే ముందు వేయించిన చివరి రోడ్డు సరిగ్గా మా ఇంటి ముందు నుంచి లాకుల దగ్గర మలుపు దాకా. ఆ పని జరిగినన్నాళ్ళూ ఇంటి ముందే ఉన్నా మధ్యాహ్నం అన్నానికి లోపలికి వచ్చేవారు కాదు. నేనే ముద్దలు కలిపి గిన్నెలో పట్టుకెళ్ళి ఇచ్చేదాన్ని. గొడుగు నీడన నిలబడి తింటూ కూడా కళ్ళు రోలరు మీదే. ఎండకి మొహం మాడిపోయి నల్లగా తయారయ్యారు. ఆ పొర పడ్డాక మా అరుగూ రోడ్డూ సమానమయ్యాయి.

నిజం చెప్పాలంటే, అవే మా మంచి రోజులు. ఎక్కక్కర్లేదు, దిగక్కర్లేదు. ఆయన అరుగు మీద పడక్కుర్చీ వేసుకుని కూర్చుంటే ఊరంతా ఆయన ముందు నుంచే పోయేది. అరటి గెలల వ్యాన్లు, కొబ్బరి లారీలు, స్కూలు ఆటోలు, పూతరేకుల డబ్బాలు కట్టుకుని ఆత్రేయపురం నుంచి వచ్చే మోటారుసైకిళ్ళు. అందరూ ఆగేవారు. “ఇన్‌స్పెక్టర్ గారూ, టీ తాగారా అండీ” అంటూ బండి మీద నుంచే అరుగు మీద కాలు మోపి కబుర్లు చెప్పేవారు. గెలల వ్యాన్ నడిపే అతను వచ్చిన ప్రతిసారీ ఒక చక్రకేళి పళ్ళ అత్తం ఆయన ఒళ్ళో పెట్టి, “తస్సాదియ్యా, మీ ఇంటి ముందుకొచ్చేసరికి బండికి నిద్రొచ్చేత్తదండి బాబాయ్ గారూ, అంత మెత్తన” అనేవాడు. ఆ మాట వినడానికే ఆయన పొద్దున్నే స్నానం చేసి తయారై కూర్చునేవారని నా అనుమానం.

ఆయనకి పక్షవాతం వచ్చింది ఆ అరుగు మీదే. మాటాడుతూ మాటాడుతూ నోరు పక్కకి పోయింది. కాకినాడ తీసుకెళ్ళాం. మనిషిని తెచ్చుకున్నాం గానీ కుడి చెయ్యీ, కుడి కాలూ, మాటా అక్కడే వదిలేసి వచ్చాం. మాట బొత్తిగా పోలేదు. వచ్చేది, కానీ ముద్దముద్దగా, ఎవరికీ అర్థం కాకుండా. నాకొక్కదానికే తెలిసేది. నెలలు గడిచేసరికి నేను ఆయన నోరయిపోయాను. ఎవరైనా వచ్చి పలకరిస్తే ఆయన ఏదో అనేవారు, నేను లోపల కూర తరుగుతూనే “కుర్చీ వేసుకుని కూచోమంటున్నారు” అని కేకేసేదాన్ని.

ఆ రోజుల్లోనే నాకు అంతవరకూ తెలియని తిట్లు కూడా వచ్చాయి. మా వైపు నాట్ల ముందు చేలు దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టర్లకి ఇనప చక్రాలు బిగిస్తారు. బురదలో దిగడానికి అవి మంచివే. కానీ చేలోంచి చేలోకి వెళ్ళేటప్పుడు వాటిని విప్పడానికి బద్ధకించి అలాగే తారు రోడ్డెక్కించేస్తారు. పళ్ళ చక్రాలు తారుని కొరుక్కుంటూ పోతాయి. అది వినగానే ఆయన ఎడమ చేత్తో కుర్చీని బాదేవారు. నేను పరుగున బయటికి వచ్చి, “ఓరి మీ అసాధ్యం కూలా, ఆ చక్రాలు విప్పుకుని పోండర్రా, నెమ్మదిగా పోండి” అని ఆయన తరఫున తిట్టేదాన్ని. డ్రైవర్లు నవ్వుతూ “ఆయ్, అలాగేనండి అత్తయ్య గారూ” అని అలాగే పోయేవారు. తిట్టు ఆయనది, గొంతు నాది. ఊళ్ళో నాకు గయ్యాళి అని పేరొచ్చింది.

ఇంతలో మళ్ళీ రోడ్డు వేస్తారని కబురొచ్చింది. మలుపు అవతల బాగా పాడయిందట, మొత్తం కొత్త పొర వేసేస్తారట. ఊళ్ళో అందరూ సంబరపడ్డారు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. అరుగూ రోడ్డూ సమానంగా ఉన్నాయి కదా, ఇంకో పొర పడిందంటే అరుగు కింద, రోడ్డు పైన. వాన నీళ్ళు తిన్నగా మా ఇంట్లోకే. అంతకంటే ముందు, ఆయన ఆ కుర్చీలో కూర్చుంటే మనుషుల మొహాలు కనపడవు. వచ్చేవాళ్ళు వంగి మాట్లాడాలి. ఎంతమంది వంగుతారు? నడవలేని మనిషికి ఆ అరుగు తప్ప ఇంకేముంది? ఆయనకి లోకం అంటే ఆ రోడ్డు మీద కనపడే మొహాలే. అవి పోతే మనిషి ఉండడని నాకు తెలుసు. ఒట్టి భయం కాదు, తెలుసు.

ఆఫీసుకి వెళ్ళాను. ఏఈ గారు ఒక అమ్మాయి, ఈ మధ్యనే వచ్చింది, బంగారు తల్లి. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, నేను చెప్పిందంతా వింది. “మీరు కంగారుపడకండమ్మా. మలుపు అవతల ఎలాగూ పాత పొర గీకించే వేస్తాం. ఆ మెషిన్‌ని మీ ఇంటి ముందు దాకా తెప్పిస్తాను. పాతది ఎంత తీస్తామో కొత్తది అంతే వేస్తాం. మీ అరుగు మీ అరుగులాగే ఉంటుంది” అంది. ఆ పిల్ల చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. వచ్చేటప్పుడు రావులపాలెంలో దిగి ఆయనకిష్టమని జిలేబీ కొనుక్కుని వచ్చాను. విషయం చెబితే విన్నారు. జిలేబీ తిన్నారు.

కాలువలు కట్టేసిన ఎండల్లో పని మొదలైంది. ఎప్పుడూ అంతే, కాలువలో నీళ్ళు లేనప్పుడే మా వైపు రోడ్ల పని. మెషిన్ మలుపు అవతల గీక్కుంటూ గీక్కుంటూ ఒక పొద్దున మా ఇంటి వైపు తిరిగింది. ఇల్లంతా అదిరే మోత. ఏఈ అమ్మాయి తలకి చున్నీ చుట్టుకుని దగ్గరుండి చేయిస్తోంది. మలుపు దగ్గర కొద్దిగా గీకేసరికి మా ఆయన నా కొంగు పట్టుకుని లాగారు. ఏదో అన్నారు. ఆ ముక్క ఒకటి తెమ్మన్నారు. చెబితే అమ్మాయే స్వయంగా పెచ్చు ఒకటి తెచ్చి ఆయన ఎడమ చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పారు. ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో గీరారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. అది ఆయన రిటైరయ్యే ముందు వేయించిన పొర. నేను ముద్దలు కలిపి పట్టుకెళ్ళిన రోజులవి. ఆయన మొహం చూసి నాకు భయం వేసింది, ఎందుకంటే రోలరు పక్కన నిలబడ్డప్పటి ఆ మొహం నాకు తెలుసు. అప్పుడు ఆయన ఒక మాట అన్నారు.

“ఏమంటున్నారమ్మా?” అని అడిగింది ఏఈ అమ్మాయి.

“ఎండగా ఉంది, నీడకి రమ్మంటున్నారు” అన్నాను.

ఆయన కుర్చీని బాదారు. మాట పోయింది గానీ చెవులు పోలేదు కదా. మళ్ళీ అన్నారు, నా మొహంలోకే చూస్తూ. చెప్పు అన్నట్టు. ఆ అమ్మాయి నా వైపే చూస్తోంది. పనివాళ్ళూ చూస్తున్నారు. ఆయన మాట బయటికి రావాలంటే నా నోట్లోంచే రావాలి, ఇంకో దారి లేదు. నేను నోరు మూసుకుంటే మెషిన్ వచ్చేస్తుంది, మా అరుగు నిలబడుతుంది. అది ఆయనకీ తెలుసు. తెలిసే అలా చూస్తున్నారు.

“గీకొద్దంటున్నారు” అన్నాను.

“అదేంటి బాబాయ్ గారూ?” అంది ఏఈ అమ్మాయి.

ఆయన చెబుతూ పోయారు, నేను చెబుతూ పోయాను. “పొర గట్టిగా ఉందట. లేపితే కింద నేల కదులుతుందట. దీని మీదే వేసుకోమంటున్నారు.”

ఆ అమ్మాయి వంగి ఆయన మోకాలి దగ్గర కూర్చుంది. “పొర బాగానే ఉందండీ, నేను కాదనను. కానీ గీకి వేసినా ఫర్వాలేదు, నేను చూసుకుంటాను. గీకకపోతే మీ ఇంట్లోకి నీళ్ళొస్తాయి కదండీ.”

దానికి ఆయన అన్న మాట చాలా చిన్నది. నేను చెప్పడానికే చాలాసేపు పట్టింది. “ఇల్లు మా ఇద్దరిదేనంట” అన్నాను.

ఆ మాట కూడా నా నోటితోనే చెప్పించాడు మహానుభావుడు. ఇద్దరిదీ అన్నవాడు ఆ రెండో మనిషిని ఒక్క మాట అడగాలా వద్దా? నేను లోపలికి వెళ్ళి గిన్నెలన్నీ ఎత్తి పడేశాను. ఏడ్చాను. బయట మెషిన్ మోత ఆగిపోయింది. ఆ రోజు అన్నం తినిపిస్తూ, “రోడ్డునే చేసుకోవలసింది, నన్నెందుకు చేసుకున్నారు?” అని అడిగాను. ఆయన నవ్వడానికి ప్రయత్నించారు. సగం నోరే నవ్వేది ఆయనకి. మెతుకులు జారి చొక్కా మీద పడ్డాయి. తుడిచాను. ఏం చేస్తాను మరి?

కొత్త పొర పడింది. నల్లగా, నున్నగా, అందంగా ఉంది, ఆ మాట ఎందుకు కాదనాలి. మా అరుగు దాని కింద గొయ్యిలా మిగిలింది. గుమ్మం ముందు ఇటుకలతో ఒక కట్ట కట్టించాను. ఇంట్లోంచి రోడ్డు మీదికి పోవాలంటే మెట్లెక్కాలి. ఒకప్పుడు దిగేవాళ్ళం అని చెబితే ఇప్పుడు ఎవరూ నమ్మరు.

మొదటి వానకే నీళ్ళు కట్ట దాటి లోపలికి వచ్చాయి. ఆయన మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టి, చేటతో నీళ్ళు ఎత్తిపోస్తూ నోటికి వచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఆయన్నీ తిట్టాను, గోదావరినీ తిట్టాను. ఆయన మంచం మీద నుంచి వింటూ పడుకున్నారు. తర్వాత జాకీలతో ఇళ్ళు ఎత్తేవాళ్ళని పిలిపించాను. ఇప్పుడు మా వైపు చాలామంది అలా ఎత్తించుకుంటున్నారు. మేడలకి మేడలే లేపేస్తున్నారు. వాళ్ళు వచ్చి గోడలు తట్టి చూసి పెదవి విరిచారు. పాత పెంకుటిల్లు, సున్నపు గోడలు, ఎత్తితే ఇల్లు ఉండదు, ముక్కలుంటాయి అన్నారు. ఆ ఆశా పోయింది.

అయినా పొద్దున్నే ఆయన్ని తీసుకొచ్చి అరుగు మీదే కూర్చోబెట్టేదాన్ని. అక్కడ తప్ప ఉండేవారు కాదు. ఇప్పుడు ఆయనకి కనపడేవి కాళ్ళూ, చక్రాలూ. మొదట్లో కొందరు ఆగి, వంగి, “బాగున్నారా అండీ” అనేవారు. నడుం నొప్పులు, పనులు, తొందరలు. రాను రాను పైనుంచే చెయ్యి ఊపి పోయేవారు. ఊపిన చెయ్యి ఆయనకి కనపడదని వాళ్ళకి తెలియదు. గెలల వ్యాన్ అతనొక్కడే బండి ఆపి రోడ్డు అంచున గొంతుక్కూర్చుని చక్రకేళి అత్తం కిందికి అందించేవాడు. అతను రాని రోజు ఆ కుర్చీ దగ్గర నేనూ, ఆయనా, మా మధ్య ముద్దముద్ద మాటలు.

కాళ్ళని బట్టి మనుషుల్ని గుర్తుపట్టడం నేర్చుకున్నాం. పగుళ్ళ మడమలు పాలాయన. వెండి మట్టెలు, ఎర్ర చెప్పులు టీచరమ్మ. ఎవరో తెలియని టైరు వస్తే అందులో గాలి తక్కువగా ఉందనేవారు ఆయన. నేను పైకి కేకేసి చెబితే ఆ బండివాడు ఆగి, ఎక్కడి నుంచి వచ్చిందా మాట అని చుట్టూ వెతుక్కునేవాడు. అప్పుడు మాత్రం ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. కానీ ఆయన తగ్గిపోతున్నారు. నాకు కనపడుతూనే ఉంది. మాట్లాడేవాళ్ళు లేక మాట ఇంకా పలచనైపోయింది. ఒకోసారి నాకు కూడా అర్థమయ్యేది కాదు. “ఏంటండీ?” అని మళ్ళీ మళ్ళీ అడిగితే విసుగొచ్చి ఊరుకునేవారు. ఆయనకి నేనూ అందకుండా పోతున్నానని నాకు తెలిసిన రోజు, పొయ్యి దగ్గర కూర్చుని ఎవరికీ వినపడకుండా ఏడ్చాను.

రెండో వానాకాలానికి మలుపు అవతల రోడ్డు గోతులు పడింది. గీకి వేసిన వైపు. గీకడం వల్ల పడిందో, కాలువ నీరు ఊరి పడిందో దేవుడికే తెలియాలి. కాలువ ఊట అంది ఏఈ అమ్మాయి. కావచ్చు, ఆ పిల్ల అబద్ధం చెప్పే రకం కాదు. మా ఇంటి ముందు నుంచి మలుపు దాకా మాత్రం ఒక్క చుక్క నీరు నిలవలేదు. ఆయనకి ఆ సంగతి చెప్పాను. గర్వపడతారేమో, పడితే నాలుగు దులిపేద్దామని కాచుక్కూర్చున్నాను. ఆయన మాత్రం మలుపు అవతల నుంచి లోడు బండ్లు గోతుల్లో పడి లేస్తున్న చప్పుడు వస్తుంటే కళ్ళు మూసుకుని, “నెమ్మదిగా” అన్నారు. అది నాకు స్పష్టంగా అర్థమైంది. నేను అరుగు మీద నుంచి కేకేశాను. అంత దూరం ఎవరికి వినపడుతుంది?

శ్రావణంలో, వానలు విడవని రోజుల్లో, పొద్దున్న కాఫీ పట్టుకెళ్ళేసరికి ఆయన లేరు. నిద్రలోనే పోయారు. నేను కాఫీ గ్లాసు అలాగే పట్టుకుని ఆయన ఏమైనా అంటారేమోనని చాలాసేపు నిలబడ్డాను.

ఊరంతా వచ్చింది. మెట్లు దిగి, కట్ట దాటి, చీరలూ పంచెలూ ఎత్తి పట్టుకుని నీళ్ళలో నడిచి వచ్చారు. వంగడానికి తీరిక లేనివాళ్ళందరూ వచ్చారు. ఆ రోజు నాకు తిట్లు రాలేదు. అరుగు మీద ఆయన్ని పడుకోబెడితే, రోడ్డు మీద నిలబడ్డవాళ్ళు అందరూ తలలు వంచి కిందికి చూశారు. అన్ని మొహాలు ఒక్కసారి ఆ అరుగు వైపు తిరగడం ఎన్నాళ్ళకో. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు.

తీసుకెళ్ళేటప్పుడు మెట్లు ఇరుకు, తడి. మోసేవాళ్ళకి ఎక్కడం కష్టమైంది. “తల వైపు ఎత్తండి, తల వైపు” అని ఎవరో అంటున్నారు. గెలల వ్యాన్ అతను రోడ్డు అంచున మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ కిందికి చాపి అందుకున్నాడు. పెళ్ళయి ఈ ఇంట్లో అడుగు పెట్టిన రోజు ఇద్దరం చేతులు పట్టుకుని రోడ్డు మీంచి పైకి ఎక్కి వచ్చాం. ఇప్పుడు ఆయన్ని ఇంట్లోంచి పైకెక్కించి తీసుకెళ్తున్నారు. రేవు దాకా ఆడవాళ్ళు వెళ్ళే ఆచారం లేదు. నేను అరుగు మీదే, ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను.

అక్కడి నుంచి నాకు కనపడినవి ఆయన్ని ఎక్కించిన బండి చక్రాలే. వాటి వెనక కాళ్ళు, చెప్పులు లేని కాళ్ళు, చాలా కాళ్ళు. చక్రాలు కదిలాయి. వాన నీరు రోడ్డు మధ్య నుంచి రెండు పక్కలకీ జారిపోతోంది, ఎక్కడా నిలవడం లేదు. పక్కకి జారిన నీరు మా మెట్ల మీదుగా నా కాళ్ళ దగ్గరికి వస్తోంది. చక్రాలు నున్నగా, ఎక్కడా ఎగరకుండా, ఆయన్ని కదపకుండా మలుపు దాకా వెళ్ళాయి.

మలుపు తిరిగాక బండి గోతుల్లో పడిన చప్పుడు వినపడింది. ఒకసారి, మళ్ళీ ఇంకోసారి.

“నెమ్మదిగా పోనివ్వండర్రా” అని అరిచాను. పక్కన కూర్చున్న టీచరమ్మ నా భుజం పట్టుకుని, ఏమంటున్నారు పిన్ని గారూ అని అడిగింది. ఆయన అంటున్నారని చెప్పబోయాను. చెప్పమన్నవాళ్ళు ఎవరూ లేరు. ఆ మాట నాదే.